మీరెక్కడ కూర్చుని చూశారు?

(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

రెండు సంచికల కిందట వాల్వు రేడియో బాగుచేయించడం గురించి ఒక పాఠకుడికి జవాబు రాస్తూ, మాటవరసకు మా ఊరికి మొట్టమొదట వచ్చిన టీవీ పెట్టెను తలచుకున్నాను. రేడియో మీద రాసిన పేజీన్నరకు నాలుగు ఉత్తరాలు వస్తే, ఆ ఒక్క వాక్యానికి సంచెడు వచ్చాయి. వాటిలో ముప్పాతిక వంతు గోదావరి పాయల నడుమ ఊళ్ల నుంచి వచ్చినవే. అన్నింటికీ ఇక్కడ చోటు లేదు కనుక ఏడింటిని ఎంచుకున్నాను. ఉత్తరాలన్నీ వరుసగా చదువుతుంటే ఒక సంగతి కనబడింది. ఏ సినిమా చూశారో, ఏ ఏడాది చూశారో చాలామంది తడబడ్డారు గానీ, ఎక్కడ కూర్చుని చూశారన్నది మాత్రం ఒక్కరూ మరిచిపోలేదు. నులక మంచం పట్టె మీదనో, ఈతచాప మీదనో, గడప మీదనో, పక్కింటి ప్రహరీ మీదనో, ఎవరి చోటు వారికి అచ్చుగుద్దినట్టు గుర్తుంది.

ప్రశ్న: మా ఇంటి మీద కొబ్బరిచెట్టుతో పోటీపడే ఎత్తున ఏరియల్ ఉండేది. అంత ఎత్తు పెట్టినా సగం రోజులు చుక్కలే కనిపించేవి. వేసవిలో కొన్ని రాత్రులు మాత్రం మన కేంద్రం బొమ్మ మీదికి ఎక్కడిదో తమిళ కార్యక్రమం వచ్చి కూర్చునేది. అదంతా సముద్రపు గాలి మహిమ అని మా నాన్నగారు అనేవారు. అందులో నిజమెంత?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ముమ్మిడివరం మండలం

జవాబు: మీ నాన్నగారి మాట నిజమే. అయితే ముందు ఆ ఎత్తు సంగతి చెప్పాలి. టీవీ తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత దూరమే పోతాయి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఆ చూపు కిందికి దిగిపోయిన ఇళ్లకు అవి సరిగా అందవు. లెక్క ప్రకారం 100 మీటర్ల టవరు నుంచి బయలుదేరిన తరంగానికి సుమారు 41 కిలోమీటర్ల మేర, 10 మీటర్ల గడ మీది ఏరియల్‌కు తన వైపు నుంచి మరో 13 కిలోమీటర్ల మేర చూపు ఉంటుంది. మన డెల్టాలో అడ్డం రావడానికి కొండా గుట్టా లేవు, ఎక్కి నిలబడదామంటే మెరకా లేదు. దానికి తోడు ఇంటి చుట్టూ కొబ్బరితోట. తడిసిన ఆకు తరంగాన్ని తాగేస్తుంది, గాలికి ఊగే మట్ట బొమ్మను కూడా తనతోపాటు ఊపుతుంది. అందుకే సరుగుడు బొంగుకు బొంగు కట్టి, దానిపైన జీఐ పైపు తొడిగి, మూడు వైపులా తీగలతో లాగి కట్టి, ఏరియల్‌ను చెట్టు తల దాటించేవారు. 1984 ప్రాంతంలో దేశమంతటా వరసగా పెట్టుకుంటూ పోయిన చిన్న ప్రసార కేంద్రాలు చాలావరకు 100 వాట్ల శక్తివి. వీధి దీపానికి ఖర్చయ్యేంత శక్తితో పదిహేను ఇరవై కిలోమీటర్ల చుట్టుపక్కలకు బొమ్మ పంచడానికి పెట్టిన కేంద్రాల నుంచి, ఏటికి అవతలి గట్టున కూర్చుని మనం ఆశించినది కాస్త ఎక్కువే.

ఇంటింటి మీద చేపముల్లులా కనిపించిన ఆ ఏరియల్, 1926లో జపాన్‌లో యాగి, ఉడా అనే ఇద్దరు పరిశోధకులు లోకానికి తెలియజేసినది. వెనకనున్న పొడుగు కడ్డీ తరంగాన్ని వెనక్కి పోనివ్వకుండా తిప్పికొడుతుంది. ముందున్న పొట్టి కడ్డీలు దాన్ని పోగుచేసి లోపలికి పంపుతాయి. నడుమ రెండు కొసలా మడిచిన కడ్డీ నుంచి ఫ్లాట్ వైరు ఇంట్లోకి దిగుతుంది. ముక్కు సరిగ్గా కేంద్రం వైపు లేకపోతే దాని పని సగమే. ఆ ముక్కు తిప్పడం కోసమే మన ఇళ్లలో డాబా మీద ఒకరు, పెరట్లో ఒకరు, టీవీ ముందు ఒకరు నిలబడి కబురు అందించుకునేవారు.

“వచ్చిందా?”

“బొమ్మొచ్చింది, మాట రాలేదు!”

“ఇప్పుడో?”

“మాటొచ్చింది, బొమ్మ పోయింది!”

టీవీ ముందున్నవాడు సరిగ్గా చూడటం లేదని పైనున్నవాడు తిట్టుకునేవాడు గానీ, అందులో అతని తప్పేమీ లేదు. అప్పటి ప్రసారంలో బొమ్మ ఒక తరంగం మీద, మాట దానికి 5.5 మెగాహెర్ట్జ్ ఎగువన వేరొక తరంగం మీద వచ్చేవి. బొమ్మను, మాటను తరంగంలో నింపే పద్ధతి కూడా వేరు. కనుక ఒకటి అంది మరొకటి అందకపోవడం నిజంగానే జరిగేది. మా చిన్నాన్న గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే బొమ్మ నిలిచేది, వదిలితే చెదిరేది. మనిషి శరీరం కూడా తరంగం దారిని కొద్దిగా మారుస్తుందన్న సంగతి అప్పట్లో మాకు తెలియదు గానీ, ఆయన చేతిలో ఏదో గుణం ఉందని మాత్రం ఇంటిల్లిపాదీ తీర్మానించి, ఒక ఆదివారం సాయంత్రం సినిమా సగం అయ్యేదాకా ఆయన్ను డాబా మీదనే నిలబెట్టాం. పెరట్లో నిలబడ్డ నేను ఆయనకు కథ కేకలు వేసి చెప్పాను.

ఇక గాలి సంగతి. ఉప్పుగాలికి అల్యూమినియం కడ్డీ, రాగి వైరు, ఇనుప మర కలిసే చోట చిలుము పట్టి, ఏడాది తిరిగేసరికి బొమ్మ పలచబడేది. ఫ్లాట్ వైరు వానకు తడిస్తే దారిలోనే తరంగం చాలావరకు చచ్చిపోయేది. కాకులు వాలి కడ్డీలు వంచడం మరొకటి. ఈ మూడూ బొమ్మకు జరిగిన చెడు. మీ నాన్నగారు చెప్పిన మహిమ వేరు. వేసవిలో పగలంతా కాగిన నేల మీది పొడి గాలి, సాయంత్రానికి సముద్రం మీద ఉన్న చల్లని తడి గాలి పైకి దుప్పటిలా పరుచుకుంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడవలసిన గాలి అప్పుడు తలకిందులవుతుంది. ఆ రెండు పొరల నడుమ చిక్కుకున్న తరంగం ఆకాశంలోకి పోకుండా కాలువలో నీళ్లలా వంగి వంగి ప్రయాణించి వందల కిలోమీటర్ల దూరం పోతుంది. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మనకు చెన్నపట్నం బొమ్మ అలా కనిపించడంలో వింత లేదు. గాలి కదిలి ఆ పొర చెదిరిందంటే బొమ్మ మాయం. అందుకే మరునాడు పక్కింటివాళ్లను పిలిచి చూపించబోతే ఏమీ ఉండేది కాదు, మీ నాన్నగారి మాట ఎవరూ నమ్మేవారూ కాదు.

ప్రశ్న: మా తాతగారి ఇనప్పెట్టెలో పోస్టాఫీసు ముద్రలున్న చిన్న పుస్తకం ఒకటి దొరికింది. టీవీ లైసెన్సు అని ఉంది. టీవీకి లైసెన్సు ఏమిటి?
— పాఠకుడు, మండపేట

జవాబు: ఉండేది. రేడియోకు ఉన్నట్టే టీవీకి కూడా ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి, ఆ పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. టీవీకి ఏడాదికి 50 రూపాయలు. 1980ల మధ్యలో ప్రభుత్వం ఆ పద్ధతి ఎత్తివేసింది. పుస్తకాన్ని పారేయకండి. అందులోని మొదటి ముద్ర తేదీయే మీ ఇంటికి టీవీ వచ్చిన ఏడాదికి సాక్ష్యం, ఆ విషయం మీద మీ బంధువులలో వాదన వస్తే పనికివస్తుంది.

ప్రశ్న: పాత టీవీ ఆపగానే నడిమధ్య తెల్లటి చుక్క ఒకటి మిగిలి మెల్లగా ఆరిపోయేదని, దాన్ని చూడటానికే పిల్లలు మళ్లీ మళ్లీ స్విచ్చి నొక్కి దెబ్బలు తినేవారని మా అమ్మ చెబుతుంది. ఆ చుక్క ఏమిటి?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, తణుకు

జవాబు: పాత టీవీలో పిక్చర్ ట్యూబు అనే పెద్ద గాజు సీసా ఉంటుంది. దాని మెడ దగ్గర ఒక చిన్న తీగ వేడెక్కి ఎలక్ట్రాన్లను విడుస్తుంది. అవి సన్నటి ధారగా వచ్చి ముందున్న అద్దం లోపలి పూతకు తగిలినచోట వెలుగు పుడుతుంది. ఆ ధారను తీగచుట్టలు ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి క్షణం ఆగకుండా తిప్పుతూ, మన దేశపు పద్ధతిలో 625 గీతలతో ఒక బొమ్మ చొప్పున సెకనుకు 25 బొమ్మలు గీస్తాయి. స్విచ్చి ఆపగానే తిప్పే చుట్టలు వెంటనే పని మానేస్తాయి. మెడలోని తీగ మాత్రం పొయ్యిలో నిప్పులా ఇంకా కాసేపు వేడిగానే ఉంటుంది, ట్యూబులో నిలవున్న విద్యుత్తు కూడా అప్పుడే పోదు. తిప్పేవాళ్లు లేని ధార తిన్నగా వచ్చి నడిమధ్యనే తగులుతుంది. మీ అమ్మగారు చూసిన చుక్క అదే.

ఇంకో సంగతి మీ అమ్మగారిని అడగండి. పక్కగదిలో ఉండి, మాట వినబడకపోయినా, టీవీ పెట్టారని ఆమెకు చిన్నప్పుడు తెలిసిపోయేదా? గీతలు గీసే చుట్టలు సెకనుకు 15,625 సార్లు కంపించి సన్నటి కీచుమనే ధ్వని చేసేవి. అంత సన్నని ధ్వని పిల్లల చెవికి అందుతుంది, వయసు మళ్లినవారికి అందదు. మా అమ్మమ్మకు తెలియకుండా టీవీ పెట్టుకోవడం అందుకే సాధ్యమయ్యేది.

ప్రశ్న: 1990ల మొదట్లో తీసిన మా పెళ్లి వీడియో క్యాసెట్లు రెండు బీరువాలో ఉన్నాయి. మా మావగారు, మా నాన్నగారు ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్లు నడుస్తూ మాట్లాడుతూ కనిపించేది వాటిలోనే. మొన్న తీసి చూస్తే క్యాసెట్టు మీది చిన్న అద్దపు కిటికీలోంచి టేపు అంచున తెల్లటి బూజు కనబడింది. బంధువుల ఇంట్లో విసిఆర్ ఉంది. ఒకసారి పెట్టి చూడవచ్చునా?
— గృహిణి, పాలకొల్లు

జవాబు: వద్దమ్మా, ఆ స్థితిలో పెట్టవద్దు. విసిఆర్ లోపల ఒరగా అమర్చిన డోలు ఒకటి సెకనుకు 25 చుట్లు తిరుగుతూ, దాని అంచునున్న వెంట్రుకపాటి హెడ్లతో టేపును చదువుతుంది. బూజు ఆ హెడ్లకు అంటుకుంటే బొమ్మ రాదు. టేపు చుట్టుకుని తెగిపోనూవచ్చు, తరువాత ఆ యంత్రంలో పెట్టిన మంచి క్యాసెట్లకు కూడా ఆ బూజు పడుతుంది. ఆ రోజుల్లో క్యాసెట్ల షాపు కుర్రాళ్లు హెడ్డు మీద పది రూపాయల నోటు రుద్ది శుభ్రం చేయడం మీరు చూసే ఉంటారు. దయచేసి ఆ వైద్యం మాత్రం ఎవరినీ చేయనివ్వకండి.

మన ప్రాంతపు తేమకు ఇది రావడంలో ఆశ్చర్యం లేదు. టేపు మీది అయస్కాంతపు పూతను పట్టి ఉంచే జిగురే బూజుకు ఆహారం. ముందుగా ఆ రెండింటినీ మిగిలిన క్యాసెట్లకు దూరంగా, మూత గట్టిగా పడే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసి మూడు నాలుగు వారాలు ఉంచండి. ఎండలో మాత్రం పెట్టవద్దు. తడి ఆరితే బూజు పొడిగా మారి, తుడవడానికి లొంగుతుంది. ఆ తరువాతి పని తెలిసినవాళ్లకు అప్పగించండి. పెట్టె అడుగున ఉన్న ఐదు మరలు విప్పి, టేపు చుట్టలను వేరే పెట్టెలోకి మార్చి, తుడిచి, ఒక్కసారి మాత్రమే ఆడించి, ఆ ఒక్కసారిలోనే కంప్యూటరులోకి ఎక్కించాలి. మూడు గంటల క్యాసెట్టు ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది, దానిలో అడ్డదారి లేదు. అరగంటలో చేసి ఇస్తామన్నవారికి ఇవ్వకండి. మన క్యాసెట్లు పాల్ అనే మన దేశపు టీవీ పద్ధతివి. కంప్యూటరులో ఆ ఎంపిక తప్పుగా ఉంటే రంగులు పోతాయి లేదా బొమ్మ గిరగిరా తిరుగుతుంది. క్యాసెట్టు పాడైపోయిందని చెప్పేముందు అది చూడమనండి. వచ్చిన ఫైలును రెండు చోట్ల దాచండి.

ఇవ్వబోయే ముందు క్యాసెట్టు వెన్ను వైపు ఎడమ కొసన చిన్న ప్లాస్టిక్ నాలుక ఉందేమో చూడండి. ఉంటే విరిచేయండి. అది ఉన్నంతకాలం పొరపాటున బటను నొక్కితే దాని మీద వేరేది రికార్డయిపోతుంది. మా బంధువుల ఇంట్లో విరిచిన నాలుక చోట సెల్లోటేపు అంటించి మరీ పెళ్లి క్యాసెట్టు మీద క్రికెట్ మ్యాచి ఎక్కించారు. తలంబ్రాల దాకా పెళ్లి, ఆ తరువాత బౌలింగు.

ప్రశ్న: అటక మీద మా తాతగారి ఇ.సి. టీవీ ఉంది. చెక్క పెట్టె, ముందు జరిపే తలుపులు. ప్లగ్గు పెట్టి చూడాలని ఉంది. పాత ఏరియల్ కూడా డాబా మీద అలాగే ఉంది.
— ఇంజనీరింగు విద్యార్థి, భీమవరం

జవాబు: ప్లగ్గు పెట్టకండి. ఇరవై ఏళ్లు అటక మీద ఉన్న పెట్టెలో బల్లి గుడ్లు, ఎలుక కొరికిన తీగలు, ఎండిపోయిన కెపాసిటర్లు తప్పకుండా ఉంటాయి. తిన్నగా 230 వోల్టులు ఇస్తే మొదటి నిమిషంలోనే పొగ రావచ్చు. వెనక చెక్క కూడా మీరు విప్పవద్దు. నలుపు తెలుపు ట్యూబులో సైతం పది పదిహేను వేల వోల్టుల పని జరుగుతుంది, ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలవుండవచ్చు. మీ ఊళ్లో అరవై దాటిన టీవీ మెకానిక్కు ఎవరైనా ఉంటారు. ఆయన దుమ్ము దులిపి, వరుసలో బల్బు పెట్టి మెల్లగా కరెంటు ఎక్కించి చూస్తారు. ఆ పెట్టె 1967లో హైదరాబాదులో మొదలైన ప్రభుత్వ సంస్థ ఇసిఐఎల్ చేసినది. అందులోని భాగాలు చాలావరకు విప్పి మార్చుకోదగినవి కావడం మీ అదృష్టం.

బొమ్మ మాత్రం ఆ ఏరియల్ నుంచి రాదు. నేల మీది టవర్ల నుంచి దూరదర్శన్ చేసే పాత పద్ధతి ప్రసారాన్ని, కొన్ని ప్రత్యేక స్థలాలలో తప్ప, 2022 మార్చి నాటికి ముగించే ఏర్పాటు జరిగింది. కనుక ఫ్రీ డిష్ పెట్టె నుంచి గానీ డివిడి ప్లేయరు నుంచి గానీ వచ్చే పసుపు, తెలుపు వైర్లను బొమ్మను, మాటను ఏరియల్ నుంచి వచ్చే తరంగంలా మార్చే ఆర్ఎఫ్ మాడ్యులేటరు అనే చిన్న డబ్బాకు తగిలించి, అక్కడి నుంచి టీవీ వెనకనున్న ఏరియల్ మరలకు బిగించాలి. ఆ మరలకు, ఇప్పటి గుండ్రటి కేబులుకు నడుమ బేలన్ అనే బొటనవేలంత ముక్క కూడా కావాలి. బొమ్మ కదలకుండా నిలవకపోతే వెనక వెర్టికల్ హోల్డ్ అని రాసి ఉన్న మీటను కొద్దికొద్దిగా తిప్పండి. మీ తాతగారి వేళ్లకు ఆ మీట ఎక్కడుందో చూడకుండానే తెలుసు. పాడైపోయి ఇక లాభం లేదన్నా సరే, ట్యూబును పగలగొట్టకండి, పాత సామాన్ల బండికి వేయకండి. లోపల శూన్యం ఉన్న ఆ గాజు పేలి ముక్కలు ఎగురుతాయి.

ప్రశ్న: మీ పత్రికలో, అన్ని పత్రికలలో, పాత టీవీ రోజులు ఎంత బాగుండేవో రాస్తారు. మా పేట పిల్లలం ఆదివారం పొద్దున్న రామాయణం చూడటానికి వెళితే అరుగు ఎక్కనిచ్చేవారు కాదు. వీధిలో నిలబడి కిటికీ ఊచల్లోంచి చూసేవాళ్లం. కొన్నాళ్లకు ఆ కిటికీ కూడా మూసేశారు. తలుపు సందులోంచి వినబడే మాటలతో కథ ఊహించుకునేదాన్ని. తరువాత 1991లో మా నాన్న చీటీ పాడి, వాడిన నలుపు తెలుపు టీవీ కొన్నాడు. ఆ రోజు మా ఇంటి తలుపులు రెండు రెక్కలూ తెరిచి, మంచాన్ని బయటికి లాగేశాడు. అందరూ చెప్పుకునే ఈ తీపి జ్ఞాపకాలలో మాకు చోటుందా?
— ప్రభుత్వ ఆసుపత్రి నర్సు, రాజోలు మండలం

జవాబు: అమ్మా, మీ ఉత్తరానికి జవాబు రాయడానికి వారం రోజులు పట్టింది. ఎందుకంటే కిటికీకి అవతల మీరుంటే, ఇవతల చాప మీద మొదటి వరుసలో కూర్చున్న పిల్లవాణ్ణి నేను. ఊరు వేరు, ఇల్లు వేరు, కానీ మా ఇంట్లో కూడా ఆదివారం పొద్దున్న ఒక కిటికీ మూసేవారు. వెలుతురు అద్దం మీద పడి బొమ్మ కనబడటం లేదని పెద్దవాళ్లు చెప్పేవారు. నేను నమ్మాను. తూర్పు కిటికీ అయితే ఆ మాటకు అర్థం ఉండేది. మూసింది ఉత్తరపు కిటికీ, పొద్దుటి ఎండ అటునుంచి రాదు. ఈ చిన్న సంగతి నాకు తట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. తట్టేనాటికి, ఎందుకు మూశారని అడగడానికి ఇంట్లో పెద్దవాళ్లు మిగలలేదు.

ఆ ధారావాహిక 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా 78 భాగాలుగా వచ్చింది. ఆ వేళకు వీధులన్నీ ఖాళీ అయిపోయేవని అందరూ రాస్తారు, నేనూ రాశాను. ఖాళీ అయిన వీధిలోని మనుషులు ఎక్కడెక్కడికి వెళ్లారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది రాయలేదు. టీవీకి పూలదండ వేసి హారతి ఇచ్చిన ఇళ్లలోనే కిటికీలు మూసుకున్నాయి.

నిజానికి మన పల్లెలకు టీవీ మొదట రావలసిన తీరు ఇది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఒక ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలో 2,400 పల్లెలకు కార్యక్రమాలు చూపించారు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. అందులో టీవీ ఒకరి ఇంటి సొత్తు కాదు. బడిలోనో పంచాయతీ దగ్గరనో నలుగురూ చేరే చోట ఊరందరికీ కలిపి ఒక పెట్టె ఉండేది. అక్కడ కూడా ఎవరు ముందు కూర్చున్నారు, ఎవరు వెనక నిలబడ్డారు అన్న తేడాలు లేవని నేను చెప్పను. అయినా ఊరందరిదీ అనుకున్న పెట్టెను ఎవరూ తమ ఇంటి కిటికీ వెనక పెట్టుకోలేరు కదా. ఆ ఏర్పాటు ఒక్క ఏడాదితో ముగిసింది. తరువాత డబ్బున్నవారి మండువా లోగిళ్లలోకి ముందు, మిగిలిన ఇళ్లలోకి వెనక, ఒక్కొక్కటిగా టీవీలు వచ్చాయి.

చోటుందా అని అడిగారు. నా వంటివాళ్లు రాసిన తీపిలో మీకు చోటు లేదు, అందులోకి మిమ్మల్ని పిలవడం కూడా మర్యాద కాదు. మీరు నాలుగు మాటల్లో చెప్పి వదిలేసిన 1991 నాటి సంగతి మాత్రం నాకు పూర్తిగా కావాలి. ఆ సాయంత్రం మంచం బయటికి లాగాక లోపల ఎంతమంది పట్టారు, ఎవరెవరు వచ్చారు, మీరు ఎక్కడ కూర్చున్నారు, మీ నాన్నగారు ఎక్కడ కూర్చున్నారు, ఇవన్నీ రాసి పంపండి. నిడివి గురించి ఆలోచించకండి. ఈ శీర్షికలో ప్రశ్నగా కాదు, విడిగా మీ రచనగానే వేయమని సంపాదకులను అడుగుతాను.

ప్రశ్న: నాకు నరసాపురం దగ్గర సొంత ఊరు, హైదరాబాదులో ఉద్యోగం. చిన్నప్పుడు సంక్రాంతికి విసిఆర్ అద్దెకు తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు చూసేవాళ్లం. ఈ పండక్కి అన్నదమ్ములం, పిల్లలం అందరం కలుస్తున్నాం. అచ్చం అలాంటి రాత్రి ఒకటి పెట్టాలని ఉంది. విసిఆర్ ఎక్కడ దొరుకుతుంది? మా అమ్మకు ఇప్పుడు 76 ఏళ్లు. ఆమెకు కూడా సరదాగా ఉంటుందని నా ఆశ.
— పాఠకుడు, హైదరాబాదు

జవాబు: నరసాపురం అనగానే నాకు ఆ రేవు గుర్తుకొచ్చింది. అవతల సఖినేటిపల్లి వైపు పల్లెలో మా మేనమామ ఇల్లు. ఒక భోగి నాటి సాయంత్రం నరసాపురంలో కలరు టీవీ, విసిఆర్, మూడు క్యాసెట్లు అద్దెకు తీసుకుని, టీవీని బొంతలో చుట్టి రిక్షాలో రేవుకు తెచ్చి, పంటు మీద సైకిళ్లకూ పాలకేన్లకూ నడుమ పెట్టుకుని గోదావరి దాటించాం. నీళ్లు చిందుతాయని మా మామయ్య దాని మీద గొడుగు పట్టాడు, తాను తడిశాడు. షాపు కుర్రాడు కాపలాగా వెంట వచ్చాడు. విసిఆర్‌ను వాడు తప్ప వేరెవరూ ముట్టుకోకూడదని ఒప్పందం. మొదట ముసలివాళ్ల కోసం పౌరాణికం, తరువాత ఇంటిల్లిపాదికీ ఒకటి, తెల్లవారుజామున కుర్రకారుకు ఫైటింగు సినిమా. ఆ మూడోది ఇంకో పావుగంటలో అయిపోతుందనగా కరెంటు పోయింది, మళ్లీ రాలేదు. హీరో చివరికి ఏమయ్యాడన్నది పొద్దున్న తిరుగు పంటులో ఆ కుర్రాడే చెప్పాడు. ఆ వారంలో వాడు దాన్ని తొమ్మిదిసార్లు చూశాడట.

విసిఆర్ కోసం తిరగకండి. వాటి తయారీ లోకంలో ఎక్కడా లేదు. మిగిలిన ఆఖరి జపాన్ సంస్థ కూడా 2016 జూలైలో ఆపేసింది. పాతవి దొరికినా, మన చేతికి వచ్చే సినిమా క్యాసెట్లు బూజు పట్టినవే. చిన్న ప్రొజెక్టరు ఒకటి తీసుకుని, వసారాలో ఉతికిన తెల్ల పంచె కట్టుకుంటే చాలు. వాకిట్లో పెట్టవద్దు. పుష్యమాసంలో రాత్రి తొమ్మిది దాటితే మంచు కురుస్తుంది, పెద్దవాళ్లకు పడదు, యంత్రానికీ పడదు. దోమలకు కొబ్బరిపీచు పొగ వేసేటట్టయితే గాలి వాలు చూసి తెరకు దూరంగా వేయండి, లేకపోతే పొగ మీద కూడా సినిమా కనిపిస్తుంది. పిల్లలకు అది బాగుంటుంది గానీ పెద్దవాళ్ల కళ్లు మండుతాయి. మూడు సినిమాలు ఈ కాలంలో ఎవరూ కూర్చుని చూడలేరు. ఒకటి చాలు.

ఇక మీ అమ్మగారి సరదా సంగతి. ఆ రాత్రులలో మా అత్తయ్య ఎక్కడ కూర్చుని చూసిందో గుర్తు చేసుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాను. గుర్తు రాలేదు. కాసేపటికి అర్థమయింది, ఆమె కూర్చోలేదు. మొదటి సినిమాకు ఇరవై మందికి వడ్డన, రెండోదానికి జంతికలు, టీ, మూడోదాని వేళకు తెల్లవారి కళ్లాపి చల్లడం, ముగ్గు, పండగ వంట. మధ్యమధ్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, “ఎందాకా వచ్చింది?” అని అడిగి, మేము చెప్పేది సగం విని మళ్లీ లోపలికి వెళ్లేది. మీ ఇంట్లో కూడా ఇంచుమించు ఇలాగే జరిగి ఉంటుందని నా అనుమానం. అది నిజమయితే, ‘అచ్చం అలాంటి రాత్రి’ అంటే మీ అమ్మగారికి అచ్చం అలాంటి వంటగదే.

కాబట్టి సినిమా ఏది పెట్టాలో ఆమెనే అడగండి. ఆ రోజులలో సగం చూసి వదిలేసినది ఏదో ఒకటి చెబుతారు. భోజనాలన్నీ ముగిసి, గిన్నెలు మీరే కడిగి, వంటింటి దీపం ఆర్పేయండి. నడుము ఆనుకోవడానికి వీలుగా పడక కుర్చీని తెరకు ఎదురుగా నడుమ వేసి, ఆమె వచ్చి కూర్చున్న తరువాతే మొదలుపెట్టండి. మధ్యలో ఎవరికైనా టీ కావలసివస్తే, అడిగినవారే లేచి పెట్టుకోవాలని పిల్లలతో సహా అందరికీ ముందుగానే చెప్పి ఉంచండి.